గోనెపట్టా పర్దా

మేం పుట్టి పెరిగిన ఇళ్లకు తలుపులు తక్కువ, పర్దాలు ఎక్కువ. మేడ్చల్‌లో మాది రెండు గదుల రేకుల ఇల్లు. వీధి వాకిలికి చెక్క తలుపు ఉండేది గానీ పొద్దున తీస్తే రాత్రి పడుకునేదాకా మూసేది లేదు. మూస్తే లోపల గాలి ఆడదు. అందుకని వాకిలికి అడ్డంగా గోనెసంచులు విప్పి కలిపి కుట్టిన పర్దా వేలాడేది. వానకు తడిసి, ఎండకు ఎండి, అంచులు పోగులు పోయిన పట్టా అది. చిన్నపిల్లాడు గట్టిగా లాగితే ఊడి చేతికొస్తుంది.

అయినా దాన్ని దాటి ఎవరూ వచ్చేవారు కాదు. పాలాయన గల్లీ మలుపులోనే దగ్గేవాడు. మీటరు చూసేటాయన "అమ్మా, మీటరు" అని కేకేసి గోడవైపు తిరిగి నిలబడేవాడు. పక్కింటి పెద్దవ్వ ఒక్కతే "ఓ సాయిబమ్మా, ఉన్నవా?" అంటూనే పర్దా ఎత్తి లోపలికొచ్చేది. ఆమెకు అడగాల్సిన పనిలేదు. మగవాళ్లెవరైనా వస్తే మా దాదీ లోపల్నుంచే "ఠైరో, అందర్ జనానా హై" అనేది. ఆ ఒక్క మాటకు ఎంత పెద్దమనిషైనా ఆగేవాడు. ఇటుక గోడ కంటే ఆ గోనెపట్టాయే గట్టిదని చిన్నప్పుడు మేం నమ్మాం.

దాన్నే కోర్టులు గోప్యత హక్కు అంటాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మేడ్చల్‌కు కొద్ది మైళ్ల దూరంలో, శామీర్‌పేటలో, 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వెలిసింది. అక్కడి తరగతి గదుల్లో ఇంటి గురించీ, గోప్యత గురించీ సుప్రీంకోర్టు చెప్పిన తీర్పులు ఇంగ్లీషులో చదువుతారు. ఆ తీర్పులన్నీ మా గోనెపట్టా గురించే. కాని ఆ పట్టా వెనకున్న మనుషులకు వాటి సంగతి తెలియదు. ఆ రెంటినీ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలనిపించింది.

మా ప్రశ్న ఒక్కటే. ఆ పర్దా ఎవరిది? ఇంటిదా, ఇంటి యజమానిదా, లోపల కూర్చున్న ప్రతి మనిషిదా?

*

మొదట వీధివైపు నుంచి చూద్దాం.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే అతణ్ని దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలారు గాని పోలీసులు అతని పేర హిస్టరీ షీట్ తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టడం, నిద్రలేపి ఉన్నాడా లేడా అని చూసుకోవడం, ఎక్కడికెళ్తే అక్కడికి వెంటబడడం మొదలైంది. అతను సుప్రీంకోర్టుకెళ్లాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇళ్ల మీదికి వెళ్లడం చెల్లదని అందరూ అన్నారు. కాని మన రాజ్యాంగంలో గోప్యత హక్కంటూ ఒకటి లేదని ఎక్కువమంది అన్నారు. ఒప్పుకోనివాళ్లు ఇద్దరు. వాళ్లలో ముందువరసలో నిలిచింది మన తెలుగువాడు, రాజమండ్రి మనిషి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. రాజ్యాంగంలో ఆ పేరు లేకపోయినా గోప్యత లేనిదే మనిషి స్వేచ్ఛకు అర్థం లేదన్నారాయన. రోడ్డు మీద నడిచే మనిషి వెనక నీడలా పోలీసు ఉంటే, అతను కాళ్లు కదుపుతున్నాడే గాని స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదన్నది ఆయన వాదన సారం.

ఆ మాట గెలవడానికి దాదాపు యాభై అయిదేళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో, తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. 1962లో అల్పసంఖ్యలో మిగిలిపోయిన సుబ్బారావు మాటే సరైనదని ఒప్పుకున్నారు. అల్పసంఖ్యలో ఉన్నవాళ్ల మాట ఎప్పటికైనా నిజమవుతుందన్న ఆశ మాలాంటివాళ్లకు అక్కర. అందుకే ఆ తీర్పు రోజు మేమూ సంతోషించాం.

కాని తీర్పు ఢిల్లీలో వస్తుంది. తలుపు గల్లీలో తడతారు. హైదరాబాదు చుట్టుపక్కల బస్తీల్లో కొన్నేళ్లుగా నిర్బంధ తనిఖీలనే మాట అందరికీ తెలుసు. చీకటి పడ్డాకో తెల్లారకముందో వందలమంది పోలీసులు బస్తీని చుట్టుముడతారు. ఇల్లిల్లూ ఎక్కి దిగుతారు. ఆధార్ చూపమంటారు, బండి కాగితాలు అడుగుతారు. మర్నాడు పేపర్లో ఇన్ని బండ్లు పట్టుకున్నామని ఫొటో వస్తుంది. ఇలాంటి తనిఖీ గేటున్న విల్లాల మధ్య జరిగినట్టు మేం ఎన్నడూ చదవలేదు.

చట్టం ఏమంటుందో చూడండి. వారంటు లేకుండా సోదా చేయాలంటే, ఏ వస్తువు కోసం, ఎందుకు, అన్న కారణాలు అధికారి ముందుగా కాగితం మీద రాయాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 165వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 185. బస్తీ మొత్తానికీ కలిపి రాసే కారణం ఏముంటుంది, బస్తీ కావడం తప్ప?

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. అరెస్టు కోసం పోలీసులు ఓ గదిలోకి బలవంతంగా వెళ్లాల్సివచ్చినప్పుడు, లోపల పరాయి మగవాళ్ల ముందుకు రాని ఆచారమున్న స్త్రీ ఉంటే, ఆమెకు ముందు చెప్పాలి, తప్పుకోవడానికి వీలివ్వాలి, ఆ తర్వాతే తలుపు తోయాలి. పాత కోడ్‌లో 47, కొత్తదాంట్లో 44. అంటే మా దాదీ అన్న "ఠైరో" చట్టపుస్తకంలోనూ ఉంది! మాకు తెలియక మేం ఆ మాట అడగలేదు. తెలిసినవాళ్లు మాకు చెప్పలేదు.

మీరు అడగొచ్చు, తప్పు చేయనివాడికి దాచుకునేదేముంటుందని. చాలా మర్యాదస్తులే మమ్మల్ని ఈ ప్రశ్న అడిగారు. మా దాదీ పర్దా వెనక ఏం దాచింది? రెండు రాగి గిన్నెలు, ఒక కుట్టుమిషను, ఒక ట్రంకుపెట్టె. దాచడానికి ఏమీ లేనివాళ్లే పర్దా కట్టుకున్నారు. పర్దా సొమ్ము కోసం కట్టింది కాదు. తల మీద కొంగు లేకుండా కాళ్లు చాపుకుని కూర్చునే గంటసేపటి కోసం కట్టింది. ఎవరూ చూడని ఆ గంటసేపే మనిషి మనిషిలా ఉంటాడు.

ఈ సంగతి మాకు కోర్టులు కొత్తగా నేర్పలేదు. ఎవరింటికైనా వెళ్తే సలాం చెప్పి, అనుమతి అడిగి, పొమ్మంటే వెనక్కి మళ్లమని ఖురాన్ చెప్పింది. ఒకరి గుట్టు ఒకరు ఆరా తీయవద్దనీ చెప్పింది. ఖలీఫా ఉమర్ గురించి మసీదుల్లో చెప్పుకునే కథ ఒకటుంది. రాత్రిపూట మదీనా వీధుల్లో తిరుగుతూ ఓ ఇంట్లో పాట వినబడి గోడెక్కి లోపలికి దిగాడట. అక్కడ ఒకడు తాగుతున్నాడు. ఉమర్ గద్దిస్తే అతను తొణక్కుండా అన్నాడట: "నేను చేసింది ఒక తప్పు, నువ్వు చేసినవి మూడు. నా గుట్టు ఆరా తీశావు. వాకిలి వదిలి గోడెక్కావు. సలాం చెప్పకుండా వచ్చావు." రాజ్యమేలే ఖలీఫా తల దించుకుని వెళ్లిపోయాడట. తప్పు చేసినవాడికి కూడా గడప ఉంటుందన్నది ఆ కథ నీతి. దీన్ని మేం పోలీసులకు చెప్పడానికి ఇష్టపడతాం. మాకు మేం చెప్పుకోవడానికి అంతగా ఇష్టపడం. ఆ సంగతికి తర్వాత వస్తాం.

*

హక్కు గోడలకా, మనుషులకా? ఈ ప్రశ్నకు సరైన జవాబు మన హైదరాబాదు నుంచి వెళ్లిన కేసులోనే దొరికింది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టానికి ఓ సవరణ చేసింది. కలెక్టరు రాసిచ్చిన ఏ మనిషైనా ఎక్కడికైనా వెళ్లి, ఎవరి దగ్గరున్న కాగితాలైనా చూడొచ్చు, అవసరమైతే పట్టుకుపోవచ్చు. బ్యాంకుల్లో జనం దాచుకున్న దస్తావేజుల దగ్గర తగాదా వచ్చింది. హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 2004 నవంబరులో హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కూ కెనరా బ్యాంకుకూ మధ్య నడిచిన ఆ కేసులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును నిలబెట్టింది. గోప్యత స్థలాలది కాదు, మనుషులది అంది. నీ కాగితం నీ ఇల్లు దాటి బ్యాంకు బీరువాలోకి వెళ్లినా దాని మీద నీ గోప్యత నీ వెంటే వస్తుందన్నమాట.

ఈ మాట విలువ ఇల్లున్నవాడికంటే ఇల్లు లేనివాడికి బాగా తెలుస్తుంది. గోప్యత గోడలదైతే, గోడలున్నవాడికే గోప్యత. మనుషులదైతే, అద్దెగదిలో ఉన్నవాడికీ, రోడ్డు పక్క గుడిసెలో ఉన్నవాడికీ, బస్సులో నిలబడ్డవాడికీ ఉంటుంది.

ఆ కొలతతోనే తక్కినవీ చూడండి. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాదులో ఓ సామాజిక కార్యకర్తను పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. ఎందుకని అడిగితే జవాబు లేదు. ముఖాలు గుర్తుపట్టే యంత్రాల మీద ఆయన తెలంగాణ హైకోర్టులో వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు వెళ్లింది. రోడ్డు మీద ఉన్నంత మాత్రాన నా ముఖం ఊరందరిదీ అవుతుందా అన్నదే ఆ ప్రశ్న.

2016 మే 6న బొంబాయి హైకోర్టు మహారాష్ట్ర చట్టం మీద తీర్పు చెప్పింది. గోవధ నిషేధాన్ని నిలబెట్టింది. కాని వేరే రాష్ట్రంలో కోసిన మాంసం ఇంట్లో ఉంచుకోవడమే నేరమనే సెక్షన్‌ను కొట్టేసింది. మనిషి తన ఇంట్లో ఏం తింటాడన్నది అతని గోప్యతలో భాగమంది. దాని మీద అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. అది ఎనిమిది నెలల ముందు వచ్చి ఉంటే దాద్రి ఆగేదా? ఆగేది కాదు. 2015 సెప్టెంబరులో అక్కడ ఓ ఇంట్లో ఉన్న మాంసం ఏమిటన్న వదంతి మీద మనిషిని చంపిన మూక తీర్పులు చదివి రాలేదు. ఫ్రిజ్ తలుపుకు మా గోనెపట్టా పాటి గౌరవమైనా దక్కని దేశంలో బతుకుతున్నామని ఆ రోజు మాకర్థమైంది.

ఇక ఇల్లే లేకుండా చేయడం. ఒకడి మీద కేసు పడితే అతని అమ్మా నాన్నా, భార్యా బిడ్డలూ ఉన్న ఇంటి మీదికి బుల్డోజరు తోలడం కొన్ని రాష్ట్రాల్లో అలవాటైంది. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దానికి అడ్డుచెప్పింది. అధికారి న్యాయమూర్తి కాలేడంది. పదిహేను రోజుల ముందు నోటీసు లేకుండా కూల్చకూడదంది. అక్రమంగా కూల్చిన అధికారి జేబులోంచే నష్టం రాబట్టాలంది. రోడ్లు, నాలాల వంటి చోట్ల కట్టినవాటికి ఈ రక్షణ వర్తించదనీ అంది. ఒక్కడు తప్పు చేశాడని ఇంటిల్లిపాదికీ శిక్ష వేయకూడదన్న పాయింటే మాకు ముఖ్యం. ఇల్లు ఒక్కడిది కాదని కోర్టు మొదటిసారి అంత గట్టిగా చెప్పింది.

*

ఇంట్లో ఉన్నవాళ్ల సంగతి ఇది. ఇల్లు వెతుక్కునేవాళ్ల సంగతేమిటి?

మేడ్చల్ నాగపూర్ రోడ్డు మీద ఉంది, శామీర్‌పేట కరీంనగర్ రోడ్డు మీద. ఇప్పుడు రెంటినీ ఔటర్ రింగురోడ్డు కలిపేసింది. మేం మేకలు తోలిన బీళ్లల్లో వెంచర్లు, విల్లాలు లేచాయి. 2016లో ఇదంతా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. మా తమ్ముడికి ఆ వైపు మందుల కంపెనీలో ఉద్యోగమొస్తే గది కోసం వారం రోజులు తిరిగాం. ఫోన్లో అద్దె కుదిరేది. అడ్వాన్సు కుదిరేది. "పేరేం చెప్పిన్రు?" అనేవాళ్లు. చెప్పాక ఒకరికి మేనల్లుడు దిగుతున్నాడు. ఒకరింట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. ఒకామె మాత్రం నిజం చెప్పింది: "మీరు మంచోళ్లే బాబూ. కాని పక్కోళ్లు అడిగితే నేనేం చెప్పాలె?" ఆమె మీద మాకు కోపం రాలేదు. తన గడప మీద తనకే అధికారం లేనట్టు మాట్లాడింది పాపం. తుర్కపల్లి అనే ఊరు ఆ దగ్గర్లోనే ఉంది. ఊరి పేరులో మాకు చోటిచ్చిన నేల మీద, అద్దెగదిలో చోటు దొరకలేదు.

ఇది నా ఇల్లు, నా ఇష్టం అనడం కూడా గోప్యతే కదా అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం చదవండి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు, వీటి దగ్గర మతాన్నిబట్టో కులాన్నిబట్టో ఎవరినీ ఆపకూడదని ఉంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. 2005లో అహ్మదాబాదులోని పార్సీల గృహనిర్మాణ సంఘం కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. సభ్యత్వం పార్సీలకే ఇస్తామన్న నిబంధన చెల్లుతుందని కోర్టు అంది. ప్రాథమిక హక్కులు రాజ్యానికి ఎదురుగా ఉంటాయి గాని ప్రైవేటు సంఘానికి ఎదురుగా కాదంది.

అల్పసంఖ్యాకుల సంఘం గెలిచింది కదా, మీరు సంతోషించాలి కదా అని ఓ మిత్రుడన్నాడు. చిన్న జాతి తనవాళ్లను ఒకచోట దగ్గరగా ఉంచుకోవాలనుకోవడం మాకర్థమవుతుంది. మేమూ అదే చేస్తాం, చేయక తప్పక. కాని పిడికెడు మంది దగ్గరగా కూర్చోవడానికి వాడిన సూత్రాన్నే ఎక్కువమంది ఊరి చుట్టూ కట్టే గేటుకు తాళంగా వాడొచ్చు. తాళం ఒక్కటే. ఎవరు లోపల, ఎవరు బయట అన్నదే తేడా.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2011లో జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి ధర్మాసనం, వైద్యకళాశాల సీట్ల కేసులో, ఆ 15వ అధికరణంలోని దుకాణం అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పింది. జనానికి అమ్మకానికి పెట్టిన సేవలన్నీ దాని కిందికి రావొచ్చంది. పడకగదిలో ఎవరుండాలన్నది నీ ఇష్టం. టు-లెట్ బోర్డు కట్టి బజారుకు పెట్టిన గది ముందు పేరు అడగడం నీ గోప్యత కాదు. ఈ తేడాను కోర్టులు ఏదో ఒకరోజు చెప్పాల్సిందే. అప్పటిదాకా మనస్సాక్షి చెప్పాలి.

*

ఇప్పుడు పర్దాకు లోపలివైపు నుంచి చూద్దాం. ఇంతవరకూ రాసింది మాకు తేలిక. ఇకమీదట తేలిక కాదు.

ఓ రాత్రి మా ఖాలా చంటిబిడ్డతో మా ఇంటికొచ్చింది. చెంప వాచి ఉంది. ఏమైందని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు గనక. మూడోరోజు పెద్దలు నలుగురొచ్చి వాకిట్లో కుర్చీలేసుకుని కూర్చున్నారు. పర్దాకు అవతల వాళ్లు, ఇవతల ఖాలా. చాయ్ తాగారు. ఖాన్‌దాన్ ఇజ్జత్ గురించి మాట్లాడారు. "ఘర్ కీ బాత్ ఘర్ మే రహ్నా" అన్నారు. ఖాలాను ఒక్కమాట అడగలేదు. మర్నాడు ఆటో వచ్చింది. ఆమె సంచి ఆటోలో పెట్టింది మేమే. ఆమె దాటేటప్పుడు గోనెపట్టా పైకెత్తి పట్టుకున్నదీ మేమే. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. చెంప వాచినా మా వాకిట్లోకి మళ్లీ రాలేదు.

దాదీ "ఠైరో" అంటే ఆగిన లోకం, ఖాలా రానంటే ఎందుకు ఆగలేదు? పర్దా మా ఇంటిదైంది. ఆమెది కాలేదు.

ఇలా ఆడమనిషిని తిప్పి పంపడం పెద్దలే చేయలేదు, కోర్టులూ చేశాయి. భార్య కాపురానికి రావాలని భర్త దావా వేయడం ఇంగ్లండ్ చర్చి కోర్టుల నుంచి దిగుమతి అయిన సరుకు. 1867లో ప్రీవీ కౌన్సిల్ షంసున్నీసా బేగం కేసులో ముస్లిం భర్తకూ ఆ దావా వేసే హక్కుందని తేల్చింది. భార్య హింస రుజువు చేస్తే తప్పించుకోవచ్చంది. ఇంగ్లండ్ 1970లో ఆ దావానే రద్దు చేసుకుంది. మనం దాచుకున్నాం, హిందువులమూ ముస్లింలమూ కలిసి.

దాన్ని మొదట పట్టి నిలదీసింది మన హైకోర్టే. మరోచరిత్ర సినిమా నటి సరితను మీరంతా ఎరుగుదురు. సినిమాల్లోకి రాకముందే, బడి చదువుల వయసులో ఆమెకు పెళ్లయింది. తర్వాత ఆమె కాపురానికి రావాలని భర్త కడప కోర్టులో దావా వేశాడు. అది హైకోర్టుకు చేరింది. 1983లో జస్టిస్ పి.ఎ.చౌదరి హిందూ వివాహచట్టం 9వ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. ఇష్టంలేని ఆడమనిషిని కోర్టు డిక్రీతో మగవాడి పడకలోకి పంపడమంటే ఆమె ఒంటి మీద ఆమెకున్న అధికారాన్ని రాజ్యం లాక్కోవడమేనని చెప్పారు. ఆమె గోప్యత ఆమెదేనన్నారు. ఇంటిది కాదు, భర్తది కాదు.

అదే సంవత్సరం ఢిల్లీ హైకోర్టు దానికి ఎదురు తీర్పిచ్చింది. రాజ్యాంగాన్ని కాపురంలోకి తేవడం గాజుసామాన్ల కొట్లోకి ఆబోతును తోలడమేనంది. 1984లో సుప్రీంకోర్టు ఢిల్లీ మాటనే ఒప్పుకుంది. జస్టిస్ చౌదరి తీర్పు ఒక్క ఏడాది బతికింది. ఆ గాజుసామాన్ల పోలిక చదివినప్పుడల్లా మాకు వాకిట్లో కూర్చున్న ఆ నలుగురు పెద్దలే గుర్తొస్తారు. పగలకూడనిది ఎవరి సామాను? పగిలింది ఎవరి చెంప?

2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒకేసారి మూడు తలాఖులు చెల్లవంది. రెండు రోజుల తర్వాత, 24న, గోప్యత ప్రాథమిక హక్కంది. ఒకే వారంలో రెండు తీర్పులు. మావాళ్లు చాలామంది మొదటిదానికి ముఖం చిన్నబుచ్చుకుని రెండోదానికి మిఠాయి పంచారు. మొదటిది మా ఇంట్లోకి చొరబడడమట, రెండోది మా ఇంటికి రక్షణట. కాని ఆ రెండో తీర్పే హెచ్చరించింది. ఇంటి గోప్యత పేరు చెప్పి లోపల ఆడవాళ్ల మీద జరిగేదాన్ని కప్పిపుచ్చకూడదని. ఆ పేజీ మేం చదవలేదు.

శత్రువు వాకిట్లో ఉన్నప్పుడు ఇంట్లో తగువెందుకని మావాళ్లు అంటారు. ఈ మాటలో భయం ఉంది, ఆ భయం అబద్ధం కాదు. 2019లో చేసిన చట్టం తలాఖ్ మూడుసార్లు అన్న భర్తకు మూడేళ్లదాకా జైలు పెట్టింది. చెల్లని మాటకు జైలెందుకు, తిండి పెట్టాల్సినవాణ్ని జైల్లో పెడితే ఆమెకు కూడెవరు పెడతారు అని మేమూ అడిగాం, ఇప్పటికీ అడుగుతాం. కాని ఆ చట్టం వచ్చిన దారేది? ఖాలా గొంతు మేం వినని దారే. లోపలి మాట ఇంటివాళ్లు వినకపోతే, నేను వింటానంటూ బయటివాడొస్తాడు. వచ్చేటప్పుడు లాఠీతో వస్తాడు. ఆమె కోసమని వచ్చి మా అందరి మీదా తిప్పుతాడు. గోడెక్కినవాడి తప్పు వేరు, మా తప్పు వేరు. వాడి తప్పు చూపించి మాది మాఫీ చేయించుకోలేం.

హిజాబ్ గొడవలోనూ ఇదే కొలత వాడి చూడండి. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు నిషేధాన్ని నిలబెట్టింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాల తీర్పులిచ్చారు. బడిగేటు దగ్గర ఆడపిల్లను హిజాబ్ తీయమనడం ఆమె గోప్యత మీదా గౌరవం మీదా దాడేనన్నారు జస్టిస్ సుధాంశు ధూలియా. మేం ఆ మాటను గుండెకు హత్తుకున్నాం. అది నిజమైతే, ఇంట్లో వద్దన్న పిల్లకు బలవంతాన కట్టడమూ ఆమె గోప్యత మీద దాడే. గేటు దగ్గర హెడ్మాస్టరుకు లేని హక్కు, గడప దగ్గర అన్నకు ఎక్కడిది?

*

పర్దా ఎవరిదన్న ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇది. లోపలున్న ప్రతి ఒక్కరిదీ. వీధిలోంచి పోలీసు వచ్చినా, పక్కింటివాడు తొంగిచూసినా, మూక రాయి పట్టుకొచ్చినా "ఠైరో" అనే హక్కు మా అందరిదీ. అదే మాట ఇంట్లో మొగుడితో, తండ్రితో, పెద్దలతో అనే హక్కు మా ఆడవాళ్లదీ. రెండూ ఒక్కటే హక్కు. ఒకదాన్ని అడిగి రెండోదాన్ని దాచుకుంటే, కోర్టులో మా వకీలు ఎంత బాగా వాదించినా మా మాటకు బరువుండదు. న్యాయమూర్తులను అడిగే ముందు ఆ కొలతను మా ఇంట్లో వాడాలి. ఇంట్లో వాడామని చెప్పి కోర్టును అడగడం మానకూడదు. ఒకటి అయ్యాక రెండోది అని వాయిదా వేసేవాళ్లు రెండూ చేయరు.

సెక్యులర్ మిత్రులకూ ఓ మాట. మా ఇంట్లో ఆడవాళ్ల మీద జాలి చూపేటప్పుడు, అదే ఆడమనిషికి మీ కాలనీలో గది అద్దెకిస్తారేమో చూసుకోండి. మొగుడి ఇంటి నుంచి బయటపడ్డ ఖాలాకు ఎక్కడో ఓ చోట తలుపు తెరిచి ఉండాలి కదా. మా వాకిట్లో పెద్దలు, మీ వాకిట్లో టు-లెట్ బోర్డు, రెండూ ఆమెను తిప్పి పంపితే ఆమె ఎక్కడికెళ్తుంది?

మేడ్చల్‌లో ఆ రేకుల ఇల్లు ఇప్పుడు లేదు. స్లాబు పడింది. గోనెపట్టా పోయి ఇనుప తలుపు వచ్చింది. బిగించిన రోజు మేస్త్రీ లోపలి గొళ్లెం పైన, మగవాళ్లకే అందేంత ఎత్తులో పెట్టాడు. మా ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల ఒకతి ఉంది. అది కాలి వేళ్ల మీద నిలబడి చూసింది, అందలేదు. మేస్త్రీని వెనక్కి పిలిచి కిందికి దింపించాం. ఇప్పుడు ఆ పిల్లకు వేసుకోవడానికీ అందుతుంది, తీసుకుని బయటికి వెళ్లడానికీ అందుతుంది. పైన పాత మేకుల బెజ్జాలు అలాగే ఉన్నాయి. వాటిని మూయించలేదు.